వెక్టర్ బొమ్మల సేకరణలో రూపసామ్యాన్ని బట్టి వెతకడం ఎలా

పిక్సెళ్లుగా కాక గీతలు, ఆకారాల వర్ణనగా దాచే వెక్టర్ బొమ్మలు వేల సంఖ్యలో పోగుపడిన తరువాత, వాటిలో కావలసిన దానిని ఫైలు పేరు చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యమవుతుంది. ఒకే గంట బొమ్మకు ఒక సేకరణలో అలారం అని, మరొక దానిలో నోటిఫికేషన్ అని, ఇంకొక దానిలో కేవలం ఒక అంకె మాత్రమే పేరుగా ఉంటుంది. కాబట్టి ఒక బొమ్మను చూపించి, దీనిలాంటివి ఇంకేమున్నాయని అడిగితే సమాధానం చెప్పగల వ్యవస్థ కావలసి వస్తుంది. ఫొటోల కోసం తయారైన పద్ధతులను తెచ్చి ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ వాడితే ఫలితాలు నిరాశ కలిగిస్తాయి. ఆ నిరాశకు కారణం చాలాసార్లు పోలికను లెక్కించే మోడల్‌లో ఉండదు, బొమ్మను దాని ముందు పెట్టిన తీరులో ఉంటుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ ముందస్తు సన్నాహానికే ఇస్తున్నాను.

ఫైలులోని రాత ఎందుకు పనికిరాదు

వెక్టర్ బొమ్మలకు ఇప్పుడు సర్వసాధారణమైన రూపం ఎస్‌వీజీ. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2001లో ప్రమాణంగా ప్రకటించిన ఈ రూపంలో బొమ్మ అంతా ఎక్స్‌ఎంఎల్ రాతగా ఉంటుంది కనుక, రెండు ఫైళ్ల రాతను నేరుగా పోల్చవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. కానీ ఒకే ఉంగరం ఆకారాన్ని మందమైన గీత గల వృత్తంగా రాయవచ్చు, ఒకదానిలో ఒకటి ఉన్న రెండు వృత్తాల మధ్య రంగు నింపి రాయవచ్చు, చాపాలతో రాయవచ్చు, కంటికి ఆనని తేడాతో నాలుగు బెజియర్ వక్రరేఖలుగానూ రాయవచ్చు. అక్షాంకాలు మూలబిందువు నుంచి లెక్కించినవి కావచ్చు, ముందరి బిందువు నుంచి లెక్కించినవి కావచ్చు. పైన ఉన్న గుంపుకు తగిలించిన ట్రాన్స్‌ఫార్మ్ వాటన్నిటినీ మరో చోటికి జరపనూవచ్చు. ఒక ఇంటికి దారి చెప్పమంటే నలుగురూ నాలుగు రకాల మలుపులు చెప్పినా చేరేది ఒకే గుమ్మానికి అయినట్టు, ఈ రాతలన్నీ తెరమీద ఒకే ఉంగరాన్ని చూపిస్తాయి.

దీనికి తిరగబడిన పరిస్థితి కూడా ఉంది. ఒకే దిశలో గీసిన రెండు ఏకకేంద్ర వృత్తాలు ఒకే పాత్‌లో ఉన్నప్పుడు, ఏ భాగానికి రంగు నింపాలో నిర్ణయించే ఫిల్-రూల్ అనే గుణం ఈవెన్‌ఆడ్ అయితే ఉంగరం వస్తుంది, నాన్‌జీరో అయితే నిండు బిళ్ల వస్తుంది. ఒక్క మాట మారితే బొమ్మే మారిపోతుంది. రాతలో దూరం, రూపంలో దూరం ఒకదానితో ఒకటి కలిసి నడవవని ఈ రెండు ఉదాహరణలూ చెబుతాయి.

రాత పోలిక ఉపయోగపడే సందర్భం ఒకటే. ఎస్‌వీజీఓ వంటి పరికరంతో ఫైళ్లన్నిటినీ ఒకే అమరికకు తెచ్చి, ఆ ఫలితానికి షా-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య) లెక్కిస్తే, అచ్చంగా ఒకే ఫైలు వేర్వేరు పేర్లతో ఉన్న చోట్లు క్షణాల్లో బయటపడతాయి. ఈ పని మొదటే చేసి ప్రతులను ఒక చోటికి చేర్చుకుంటే మిగతా శ్రమ తగ్గుతుంది.

ఏ రకమైన పోలిక కావాలి

ఇది ముందే తేల్చుకోకపోతే తరువాతి నిర్ణయాలేవీ కుదురుగా ఉండవు. ఒకే బొమ్మకు స్వల్ప మార్పులతో ఉన్న ప్రతులను పట్టుకోవడం ఒక పని, ఒకే ఆకారాన్ని గీతల్లోనూ నిండు రంగులోనూ వేసిన రూపాలను కలపడం ఇంకొక పని, ఆకారం వేరైనా ఒకే వస్తువును చూపే బొమ్మలను చేర్చడం పూర్తిగా వేరొక పని. గొడుగు అడిగినవారికి మడిచిన గొడుగు చూపించడం మూడవ దానిలో ఒప్పు అవుతుంది, మొదటి దానిలో తప్పు అవుతుంది.

దిశ విషయమూ ఇక్కడే తేలాలి. వినియోగదారుల తెరలకు వాడే ఐకాన్లలో ఎడమ బాణం, కుడి బాణం వేర్వేరు బొమ్మలు. వాటిని కలిపేసే వ్యవస్థ పనికిరాదు. ట్రేడ్‌మార్కు గుర్తులను పోల్చేవారికి మాత్రం తిప్పి వేసిన గుర్తు కూడా అనుమానించదగినదే. ట్రేడ్‌మార్కుల రంగంలో ఈ సమస్య ఎంత పాతదంటే, బొమ్మలలోని అంశాలకు సంకేత సంఖ్యలు ఇచ్చే వియన్నా వర్గీకరణకు ఒప్పందం 1973లోనే కుదిరింది. మనుషులు ఒక్కొక్క గుర్తునూ చూసి సంఖ్యలు కేటాయించే ఆ పద్ధతి ఈనాటికీ వాడుకలో ఉంది. యంత్రంతో వెతికేటప్పుడు కూడా అలాంటి వర్గాలు మీ సేకరణలో ఇప్పటికే ఉంటే వాటిని పారవేయకండి, ఫలితాలను వడకట్టడానికి అవి చాలా విలువైనవి.

బొమ్మను పిక్సెళ్లుగా మార్చడం

రూపాన్ని పోల్చాలంటే ప్రతి ఫైలునూ ముందు పిక్సెళ్ల బొమ్మగా మార్చాలి. రెస్‌వీజీ, లిబ్‌ఆర్‌ఎస్‌వీజీ, కైరోఎస్‌వీజీ, ఇంక్‌స్కేప్ ఈ పని చేస్తాయి. ఏది ఎంచుకున్నా సేకరణ మొత్తానికి అదొక్కటే వాడాలి, ఎందుకంటే ఫాంట్లు, ఫిల్టర్లు, మాస్కుల విషయంలో ఇవి ఒకదానితో ఒకటి పూర్తిగా ఏకీభవించవు. బయటినుంచి వచ్చిన ఎస్‌వీజీ ఫైలులో స్క్రిప్టులు, వేరే చోటినుంచి ఫైళ్లను లాగే లింకులు, విప్పుకుంటూ పోతే మెమరీ అంతా నింపేసే ఎంటిటీలు ఉండే అవకాశం ఉంది కనుక, ఈ ప్రక్రియను నెట్‌వర్క్ అందని వేరు వాతావరణంలో, సమయానికీ మెమరీకీ పరిమితి పెట్టి నడపడం తప్పనిసరి.

మార్చడానికి ముందు ఫైలు స్వభావాన్ని గుర్తించండి. కొన్ని ఫైళ్లలో ఒక్క బొమ్మకు బదులు వేరే చోటినుంచి పిలిస్తే తప్ప తెరమీద కనిపించని సింబల్ మూలకాలు వందల్లో ఉంటాయి. వాటిని అలాగే మార్చితే ఖాళీ తెల్లకాగితం వస్తుంది. ప్రతి సింబల్‌నూ దాని ఐడీ ఆధారంగా విడదీసి, ఒక్కొక్క దానిని ప్రత్యేక బొమ్మగా నమోదు చేయాలి. యానిమేషన్ ఉన్న ఫైళ్లలో మొదటి క్షణానికి ఏమీ కనిపించకపోవచ్చు. టెక్స్ట్ మూలకాలున్న ఫైళ్లలో కావలసిన ఫాంటు మీ యంత్రంలో లేకపోతే అక్షరాల ఆకారాలే మారిపోతాయి. బొమ్మ కొలతల చట్రాన్ని తెలిపే వ్యూబాక్స్ లేని ఫైళ్లు ఒక మూలకు నక్కి ఉంటాయి లేదా సగానికి తెగిపోతాయి. మార్చిన తరువాత పూర్తిగా ఖాళీగా వచ్చిన బొమ్మలన్నిటినీ ఒక జాబితాగా తీసి చూస్తే ఈ లోపాలలో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతాయి.

అన్నిటికంటె ఎక్కువగా ఫలితాలను చెడగొట్టేది రంగు. చాలా ఐకాన్లు పారదర్శకమైన నేపథ్యం మీద తెల్ల రంగులో ఉంటాయి. తెల్లని కాగితం మీదికి మార్చగానే అవి మాయమవుతాయి. మరికొన్నింటిలో కరెంట్‌కలర్ అని ఉంటుంది. అంటే చుట్టూ ఉన్న పేజీ రంగునే అవి తీసుకుంటాయి. ఏకవర్ణపు బొమ్మలకు దీని పరిష్కారం సులువు: రంగును పట్టించుకోకుండా, పారదర్శకతను తెలిపే ఆల్ఫా పొరను మాత్రమే తీసుకుని, ఎక్కడ సిరా ఉందో అక్కడ నలుపు, లేని చోట తెలుపు అని గీయాలి. అయితే వెనుక నిండు చదరపు పలక ఉన్న బొమ్మకు ఇలా చేస్తే చదరం తప్ప ఏమీ మిగలదు. కాబట్టి సిరా తన హద్దు పెట్టెలో 90 శాతానికి మించి ఆక్రమించినట్టు కనిపిస్తే ఆల్ఫాను వదిలి వెలుగునీడల తేడాను తీసుకోవడం, ఆ తేడా కూడా లేకపోతే అది నిజంగానే నిండు చదరమని ఒప్పుకొని మళ్లీ ఆల్ఫాకు రావడం అనే నియమం పెట్టుకోండి. ఆ 90 శాతం అనేది నా సూచన మాత్రమే, మీ సేకరణను బట్టి సవరించుకోవచ్చు.

తరువాత కత్తిరింపు. ఒకే బాణాన్ని ఒకరు అంచుల దాకా గీస్తారు, మరొకరు చుట్టూ విశాలమైన ఖాళీ వదిలి గీస్తారు. ఆ ఖాళీ తొలగితే తప్ప పోలిక సరిగా రాదు. మొదట ఒకసారి పిక్సెళ్లుగా మార్చి సిరా హద్దులను కనుక్కొని, వ్యూబాక్స్‌ను ఆ హద్దులకు సవరించి, మళ్లీ మొదటినుంచి గీయించండి. చిన్న బొమ్మను సాగదీసినప్పుడు వచ్చే మసక ఇక్కడ ఉండదు. వెక్టర్ రూపం మనకు ఇచ్చే మొదటి మేలు ఇదే. పొడవు వెడల్పులు సమానం కాని బొమ్మను చదరంగా సాగదీయకండి. పెద్ద వైపు సరిపోయేలా అమర్చి, చిన్న వైపున సమానంగా ఖాళీ చేర్చండి. కత్తిరించడం వల్ల చిన్న చుక్కకూ పెద్ద బిళ్లకూ తేడా పోతుంది కనుక, అసలు వ్యూబాక్స్‌లో సిరా ఎంత భాగం ఆక్రమించిందో ఒక సంఖ్యగా విడిగా దాచుకోవడం మంచిది.

గీతల బొమ్మ, నిండు బొమ్మ ఒకే ఆకారానివైనా పిక్సెళ్లలో వాటికి పెద్దగా పొంతన ఉండదు. వాటిని కలపాలనుకుంటే ప్రతి బొమ్మకూ రెండు రూపాలు తయారు చేయండి. ఒకటి ఉన్న సిరాతో ఉన్నట్టుగా ఉంటుంది. రెండవది నీడ రూపం. బొమ్మ బయటి అంచునుంచి నేపథ్యాన్ని వరదలా నింపుకుంటూ వచ్చి, ఆ వరద చేరని భాగమంతా నలుపుగా తీసుకుంటే ఇది వస్తుంది. గీతలో చిన్న తెంపు ఉంటే వరద లోపలికి చొరబడుతుంది కాబట్టి, నింపే ముందు గీతలను కొద్ది పిక్సెళ్ల మేర ఉబ్బించి, నింపిన తరువాత అంతే మేర తగ్గించాలి. అలాగే గుండ్రని పలక మీద చిన్న గుర్తు ఉండే బొమ్మలలో పలకే పోలికనంతా శాసిస్తుంది. హృదయం గుర్తు కోసం వెతికితే పలక మీది తాళంచెవి వస్తుంది. మొదటి మూలకం కాన్వాసు మొత్తాన్ని కప్పుతున్నట్టయితే, దానిని తీసివేసి మరొకసారి గీయించి, ఆ రూపాన్ని కూడా అదే బొమ్మ పేరుతో చేర్చండి. మూలకాలను ఇలా విడదీయగలగడం ఫొటోలో సాధ్యం కాని సౌకర్యం.

పోలికను సంఖ్యలుగా మార్చడం

స్వల్ప మార్పులున్న ప్రతుల కోసం, ఒకేలా కనిపించే బొమ్మలకు దగ్గరి సంకేతాలు ఇచ్చే పర్‌సెప్చువల్ హ్యాష్‌లు చాలు. డీహ్యాష్ బొమ్మను అడ్డంగా 9, నిలువుగా 8 గడులకు కుదించి, పక్కపక్క గడుల వెలుగును పోల్చి 64 బిట్లు ఇస్తుంది. పీహ్యాష్ 32×32కు కుదించి, వెలుగును నెమ్మదిగా, వేగంగా మారే అంశాలుగా విడదీసే కొసైన్ రూపాంతరం చేసి, నెమ్మదిగా మారే 8×8 అంశాలనుంచి 64 బిట్లు తీస్తుంది. రెండు హ్యాష్‌ల మధ్య ఎన్ని బిట్లు వేరుగా ఉన్నాయో లెక్కిస్తే హామింగ్ దూరం వస్తుంది. సంబంధం లేని రెండు ఫొటోలకు అది సగటున 32 దరిదాపుల్లో ఉంటుందని ఆశించవచ్చు. ఐకాన్లకు ఈ అంచనా చెల్లదు. తెల్లని నేపథ్యంలో పక్కపక్క గడులు సమానంగా ఉండి బిట్లన్నీ సున్నాలవుతాయి, దానితో ఏ పొత్తూ లేని బొమ్మలు కూడా దగ్గరివిగా తేలుతాయి. పైగా 24 యూనిట్ల చట్రంలో 1 యూనిట్ మందంతో గీసిన గీత, 8 గడుల ఎత్తుకు కుదించేసరికి గడిలో మూడోవంతు మాత్రమే ఉంటుంది. కాబట్టి ఐకాన్లకు డీహ్యాష్‌ను నేను సిఫారసు చేయను. దగ్గరగా కత్తిరించిన బొమ్మ మీద, 256 బిట్లకు పెంచిన పీహ్యాష్ వాడండి.

ఆకారాన్ని వర్ణించే పాత గణిత పద్ధతులు ఇప్పటికీ పనికొస్తాయి. హూ అనే పరిశోధకుడు 1962లో ప్రతిపాదించిన ఏడు మొమెంట్లు, అంటే సిరా ఎలా పరుచుకుందో తెలిపే సంఖ్యలు, బొమ్మను జరిపినా, పెంచినా, తిప్పినా మారవు. ఏడవది మాత్రం అద్దంలో ప్రతిబింబించినట్టు తిరగవేస్తే గుర్తు మార్చుకుంటుంది. వాటి విలువలు ఒకదానితో ఒకటి పొంతన లేనంత చిన్నవీ పెద్దవీ కనుక లాగరిథమ్ తీసుకున్న తరువాతే పోల్చాలి. జెర్నిక్ మొమెంట్లు ఇంకా సూక్ష్మమైన వివరాలను పట్టుకుంటాయి. నీడ రూపాలకు, ట్రేడ్‌మార్కు గుర్తులకు ఇవి బాగా నప్పుతాయి. తిప్పినా మారకపోవడమే వీటి గుణం కాబట్టి, పై బాణానికీ కింది బాణానికీ తేడా తెలియాల్సిన చోట వీటిని ఒంటరిగా వాడకూడదు.

సన్నని గీతల బొమ్మలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. రెండు పిక్సెళ్ల మందమున్న గీత రెండు పిక్సెళ్లు పక్కకు జరిగితే పాత గీతతో దానికి ఉమ్మడి పిక్సెల్ ఒక్కటీ మిగలదు, కాని కంటికి రెండూ ఒకటే. అందువల్ల పిక్సెళ్లను నేరుగా పోల్చే బదులు, ప్రతి పిక్సెల్ నుంచి దగ్గరి గీత ఎంత దూరంలో ఉందో తెలిపే దూరపటాన్ని తయారు చేయండి. ఒక బొమ్మ గీతలమీది బిందువులను రెండవ బొమ్మ దూరపటంలో పెట్టి సగటు తీస్తే, కొద్దిపాటి జరుగుళ్లకు కొద్దిపాటి శిక్ష మాత్రమే పడుతుంది. దీనినే చాంఫర్ దూరం అంటారు. ఒక వైపునుంచే లెక్కిస్తే, చిన్న బొమ్మ పెద్ద బొమ్మలో ఇమిడిపోయి దూరం సున్నాగా కనిపిస్తుంది కనుక, రెండు వైపులా లెక్కించి కలపాలి.

ఇక ఉదాహరణలనుంచి నేర్చుకునే న్యూరల్ మోడళ్లు. ఓపెన్‌ఏఐ 2021లో విడుదల చేసిన క్లిప్, మెటా 2023లో విడుదల చేసిన డైనోవీ2 ఈ పనికి ఎక్కువగా వాడుకలో ఉన్నవి. రెండింటికీ సాధారణంగా 224×224 పిక్సెళ్ల బొమ్మ ఇస్తారు. క్లిప్‌లోని వీఐటీ-బీ/32 రకం బొమ్మను వర్ణించే 512 సంఖ్యల వరుసను ఇస్తుంది, డైనోవీ2 చిన్న రకం 384 సంఖ్యలను ఇస్తుంది. క్లిప్ బొమ్మలతో పాటు వాటి వ్యాఖ్యలనుంచి నేర్చుకున్నది కావడంతో అర్థాన్ని బాగా పట్టుకుంటుంది, మాటలతో వెతికే వీలూ ఇస్తుంది. అదే కారణంగా రూపం వేరైన రెండు గొడుగులను దగ్గరికి తెస్తుంది, బొమ్మలో అక్షరాలుంటే వాటిని చదివి ఆకారాన్ని పక్కన పెట్టే ధోరణీ చూపిస్తుంది. డైనోవీ2 మాటలు లేకుండా బొమ్మలనుంచే నేర్చుకున్నది, రూపసామ్యానికి మొదట దీనినే ప్రయత్నించడం మేలు. ఏ మోడల్ ఇచ్చిన వరుసనైనా పొడవు 1కి సమానమయ్యేలా సవరించి దాచుకుంటే, రెండింటి గుణకారపు మొత్తమే కొసైన్ సామ్యం, అంటే అవి ఎంత దగ్గరివో తెలిపే సంఖ్య, అవుతుంది.

ఈ మోడళ్లు ప్రధానంగా ఫొటోల మీద పెరిగినవి. ఐకాన్ల లోకానికి వాటిని అలవాటు చేయాలంటే, ఏ బొమ్మలు ఒకటో చెప్పే జతలు కావాలి. ఫొటోలవారు వీటికోసం మనుషుల చేత గుర్తు పెట్టించాల్సి వస్తుంది. మన దగ్గర బొమ్మను గీసే సూత్రమే ఉంది. గీత మందం మార్చి, గీత కొసలను గుండ్రం చేసి, నింపిన రంగును తీసి గీతలుగా మార్చి, బిందువులను కొద్దిగా కదిపి మళ్లీ గీయిస్తే, ఒకే బొమ్మకు ఎన్ని నమ్మదగిన రూపాలైనా ఖర్చు లేకుండా పుడతాయి. వాటిని దగ్గరి జతలుగా, మిగతా బొమ్మలను దూరపువిగా చూపించి, మోడల్ చివరి పొరలకు కాంట్రాస్టివ్ శిక్షణ ఇవ్వవచ్చు. ఎడమ కుడి తేడా నిలవాలంటే ఈ మార్పులలో అద్దపు తిరగవేతను చేర్చకూడదు. మొదట్లో తేల్చుకోమన్న పోలిక నిర్వచనం ఇక్కడ నేరుగా శిక్షణలోకి ప్రవేశిస్తుంది: ఏ మార్పులను జతలో పెడతారో ఆ తేడాలను మోడల్ మరిచిపోతుంది. వెక్టర్ సేకరణ చేతిలో ఉండీ ఈ అవకాశాన్ని వాడుకోకపోవడం నిజంగా నష్టం.

ఇండెక్సు, వెతుకులాట

ఇక్కడ చాలామంది అవసరానికి మించి శ్రమ పడతారు. లక్ష బొమ్మలకు, ఒక్కొక్క దానికి 512 సంఖ్యలు, ఒక్కో సంఖ్యకు 4 బైట్ల చొప్పున దాచితే అయ్యేది సుమారు 205 మెగాబైట్లు. ఇంత చిన్న పట్టికను మొదటినుంచి చివరిదాకా పోల్చడం మామూలు కంప్యూటరుకు కూడా కష్టం కాదు, పైగా ఫలితం కచ్చితంగా ఉంటుంది. ఫైస్ అనే లైబ్రరీలోని ఫ్లాట్ ఇండెక్సు ఈ పని చేస్తుంది. బొమ్మలు కోట్లలోకి వెళ్లినప్పుడే హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ వంటి ఉజ్జాయింపు ఇండెక్సులు అవసరమవుతాయి.

వెతుకులాటను రెండు అంచెలుగా నడపండి. మొదట మోడల్ వరుసలతో దగ్గరి 200 బొమ్మలను తీసి, వాటిని మాత్రమే చాంఫర్ దూరంతో మళ్లీ వరుస పెట్టండి. అర్థం ఒకటైనా ఆకారం వేరైనవి దీనితో కిందికి దిగుతాయి. సిరా రూపానికి, నీడ రూపానికి, పలక తీసేసిన రూపానికి వేర్వేరు వరుసలు ఉంటాయి కనుక, ఒక్కో బొమ్మకు వాటిలో అన్నిటికంటె ఎక్కువ సామ్యాన్ని తీసుకోవాలి. చూపించేటప్పుడు పీహ్యాష్‌లో దాదాపు ఒకటైన ప్రతులను ఒక గుంపుగా మడిచి పెట్టకపోతే, మొదటి పేజీ అంతా ఒకే బొమ్మతో నిండిపోతుంది. ప్రతి ఫలితం పక్కన దాని లైసెన్సు కనిపించాలి, ఎందుకంటే రూపంలో ఒకేలా ఉన్న రెండు బొమ్మలను వాడుకునే షరతులు వేర్వేరుగా ఉండవచ్చు.

వెతికేవారు తెచ్చేది అన్నివేళలా ఎస్‌వీజీ కాదు. తెరనుంచి తీసిన స్క్రీన్‌షాట్ అయితే నేపథ్యపు రంగును నాలుగు మూలలనుంచి అంచనా వేసి, దానికి దూరంగా ఉన్న పిక్సెళ్లను సిరాగా తీసుకుని, అవే కత్తిరింపు నియమాలు పాటించాలి. ఈ అంచనా గ్రేడియెంట్ నేపథ్యాల మీద, ఫొటోల మీద వేసిన గుర్తుల దగ్గర తప్పుతుంది. అప్పుడు బొమ్మను నలుపు తెలుపులు తారుమారు చేసి రెండుసార్లు వెతికి, మెరుగైన సామ్యం వచ్చిన దానిని ఉంచుకోవడం నమ్మకమైన మార్గం.

పని తీరును కొలవడం

నాలుగు బొమ్మలు వెతికి చూసి బాగుందనుకోవడంతో సరిపెట్టకండి. సేకరణలోని వేర్వేరు రకాలనుంచి, అంటే సన్నగీతలవి, నిండు రంగువి, బహువర్ణపువి, అక్షరాలున్నవి, పలక మీదివి, కలిపి 50 ప్రశ్న బొమ్మలను ఎంచుకుని, ప్రతి దానికీ మొదటి 10 ఫలితాలలో ఎన్ని సరైనవో ఇద్దరి చేత విడివిడిగా గుర్తు పెట్టించండి. ఆ ఇద్దరికీ తరచుగా పొసగకపోతే పోలిక నిర్వచనమే స్పష్టంగా లేదన్నమాట, మోడల్‌ను మార్చే ముందు దానిని సరిచేయాలి. సగటు ఒక్కటే చూడకుండా రకాల వారీగా విడదీసి చూడండి. నిండు బొమ్మలలో బాగా పనిచేసిన అమరిక సన్నగీతల దగ్గర కుప్పకూలడం మామూలే. పలక తొలగింపు, నీడ రూపం, కత్తిరింపు వంటి సన్నాహపు అంచెలను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే ఏది ఎంత మేలు చేస్తున్నదో తెలుస్తుంది, అవసరం లేనిదానిని తీసివేయవచ్చు.

కొత్త బొమ్మలు చేరినప్పుడు వాటికి మాత్రమే వరుసలు లెక్కించి ఇండెక్సులో కలిపితే సరిపోతుంది. గీయించే పరికరం, కత్తిరింపు నియమం, మోడల్‌లలో ఏది మారినా పాత వరుసలు కొత్త వాటితో పోల్చదగినవి కావు, మొత్తం మళ్లీ లెక్కించాలి. అందుకోసం ప్రతి వరుస పక్కన ఆ మూడింటి వెర్షన్ సంఖ్యలను నమోదు చేయండి, వెర్షన్లు కలవని వరుసలను వెతుకులాటలోకి రానివ్వకుండా ప్రోగ్రాములోనే అడ్డు పెట్టండి.